కొక్కేల కాలపు క్లోజెట్

అమెరికా తూర్పు తీరంలో వందేళ్ళు దాటిన ఇల్లు కొనుక్కుని, అందులో చిన్న గదిని పుట్టబోయే బిడ్డకోసం సర్దడం మొదలుపెట్టినవాళ్ళకు ముందు చిరాకు తెప్పించేది క్లోజెట్టే. తలుపు సన్నం. లోపల లోతు చాలాచోట్ల పదిహేను, పదహారు అంగుళాలకు మించదు. పెద్దవాళ్ళ చొక్కాను హ్యాంగరుకు తగిలించి అడ్డంగా పెడితే తలుపు మూసుకోదు. ఎందుకిలా కట్టారంటే, చాలామంది నమ్మే కథ ఒకటుంది: వలస పాలనలో క్లోజెట్‌ను కూడా గదిగా లెక్కగట్టి పన్ను వేసేవారని, ఆ భయంతో జనం దాన్ని కుదించుకున్నారని. దీనికి ఆధారం లేదు. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉన్నమాట నిజమే. స్వాతంత్ర్యం వచ్చాక 1798లో ఫెడరల్ ప్రభుత్వం అమెరికాలో ఇళ్ళ మీద పన్ను వేసినప్పుడు, అధికారులు ఇంటి కొలతలు, అంతస్తులు, కిటికీలు రాసుకున్నారు. అద్దపు పలకలు కూడా లెక్కపెట్టారు. క్లోజెట్ల ఊసు మాత్రం ఎత్తలేదు. అద్దాన్నే వదలనివాళ్ళు పన్ను పడే గదిని వదిలేస్తారా?

అసలు కారణం బట్టలు దాచుకునే పద్ధతిలో ఉంది. హ్యాంగరు వాడుకలోకి రాకముందు బట్టను మడిచి పెట్టేవారు, లేదా కొయ్యకు తగిలించేవారు. మడతలకు పెట్టెలు, సొరుగులు ఉండేవి. రోజూ తొడుక్కునేవాటికి గోడకు కొట్టిన పలక, దానికి వరసగా కొక్కేలు. తెలుగునాట పాత ఇళ్ళలో భోషాణం, చిలకకొయ్య చేసిన పని కూడా ఇదే. పొగగొట్టం గదిలోకి పొడుచుకువచ్చినచోట దానికి రెండువైపులా మిగిలిన మూలలకు తలుపు పెట్టి, లోపల అరలు వేసి క్లోజెట్లు చేసేవారు. గోడలోనే చోటు అమర్చుకునే ఈ పద్ధతిని పరాకాష్ఠకు తీసుకెళ్ళినవాళ్ళు షేకర్లనే క్రైస్తవ మతశాఖవాళ్ళు. న్యూ హాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో 1841 నాటికి పూర్తిచేసిన రాతి వసతిగృహంలో గోడల్లోనే 860 సొరుగులు అమర్చారు. 1869లో కాథరీన్ బీచర్, హారియట్ బీచర్ స్టో సోదరీమణులు గృహనిర్వహణ మీద వేసిన పుస్తకంలో చక్రాల మీద కదిలే తెర ఒకటి వర్ణించారు. దాని వెనకవైపు బట్టల బీరువా. స్థలం చాలదన్న ఇబ్బంది వాళ్ళకూ తెలుసు. దాన్ని లోతుతో కాక అమరికతో తీర్చుకోవాలని చూశారు.

అప్పట్లో బట్టలే తక్కువ, అందుకే చిన్న క్లోజెట్ సరిపోయింది అని కొందరంటారు. ఇది సగమే నిజం. సంపన్నుల ఇళ్ళలోనూ క్లోజెట్లు చిన్నవే. వాళ్ళ బట్టలు పెద్ద పెద్ద బీరువాల్లో, సొరుగుల బల్లల్లో ఉండేవి. లోతును మార్చింది బట్టల సంఖ్య కంటే ఎక్కువగా హ్యాంగరే. 1869లో కనెక్టికట్‌కు చెందిన ఓ.ఎ. నార్త్ బట్టలు తగిలించే ఒక సాధనానికి పేటెంట్ తీసుకున్నాడు. మిషిగన్‌లోని జాక్సన్‌లో తీగల కంపెనీ ఉద్యోగి ఆల్బర్ట్ పార్క్‌హౌస్ 1903లో తీగను వంచి హ్యాంగరు చేశాడని చెబుతారు. అది చౌకగా దొరికాక గోడ నుంచి గోడకు కడ్డీ వచ్చింది. వెడల్పాటి భుజాలు పట్టడానికి లోతు రెండడుగులకు పెరిగింది. కాబట్టి పాత క్లోజెట్‌ను కొత్త కొలతతో కొలిచి లోపమనడం న్యాయం కాదు.

పసిపిల్లల విషయంలో ఈ మాట మరీ నిజం. అప్పటి శిశువుల బట్టలు ఎక్కువగా పొడవాటి తెల్లని నూలు గౌనులు. మరగబెట్టి ఉతకడానికి వీలని తెల్లవి కుట్టేవారు, ఉతికాక మడిచి సొరుగులో పెట్టేవారు. ఈనాటి పసివాళ్ళ హ్యాంగరు వెడల్పు పది, పన్నెండు అంగుళాలే. అంటే పదిహేను అంగుళాల లోతులో కడ్డీ హాయిగా ఇముడుతుంది. ఎత్తు ఉంది గనక ఒకదాని కింద ఒకటి రెండు కడ్డీలు వేయవచ్చు. పాత కొక్కేల పలకను పీకేయకుండా, బిడ్డ నడవడం నేర్చాక దాని చేతికందే ఎత్తున మరో పలక కొడితే చాలు. డైపర్లు, దుప్పట్లు, చిన్నబడిపోయిన బట్టల పెట్టెలకు లోతు తక్కువ అరలే మేలు. వెనక్కి జరిగి కనపడకుండా పోయేది ఏదీ ఉండదు. బిడ్డ పెరిగాక ఏం చేస్తారని అడగవచ్చు. అరలు జరుపుకోగలిగేలా వేస్తే పదేళ్ళ దాకా బెంగ లేదు. ఆ తర్వాత, ఇల్లు కట్టిన కాలంవాళ్ళలాగే, గదిలో బీరువా పెట్టుకోవాలి.

గోడ పగలగొట్టి పక్కగదిలోకి జరపడం కంటే ఉన్న లోతును ఉంచుకోవాలనడానికి ఇంకా గట్టి కారణముంది. అమెరికాలో ఇళ్ళకు సీసపు రంగు వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో తలుపు చట్రం అంచున పొరలు పొరలుగా లేచిన రంగును గోటితో గీరినా సీసపు పొడి రాలవచ్చు. పాకే బిడ్డ నేలమీది చెయ్యిని నోట్లో పెట్టుకుంటుంది. అందుకే 2010 నుంచి అలాంటి ఇళ్ళలో డబ్బు తీసుకుని రంగును కదిపే పనులు, మరీ చిన్నవి తప్ప, ధ్రువీకరణ పొందిన సంస్థలే చేయాలన్న నియమం అమలులో ఉంది. పరీక్ష చేయించకుండా ప్లాస్టరు గోడ మీద సుత్తి పెట్టకూడదు, అదీ తల్లి గర్భంతో ఆ ఇంట్లోనే ఉంటున్నప్పుడు. సొరుగుల బల్ల కొని గదిలో పెట్టేద్దామనేవాళ్ళు, అది పిల్లల మీద ఒరిగిపడే ప్రమాదం గుర్తుంచుకోవాలి. ఈ ప్రమాదాల మీదే 2022 చివర్లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసింది. గోడలోని కలప నిలువులకు మరలతో బిగించిన క్లోజెట్ అరకు ఒరిగే గుణం లేదు.