పాత పుస్తకాలతో మొదలైన తత్వశాస్త్రం

పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలని ఇంట్లో మాట వస్తే అది లెక్కలు, సైన్సు, కామర్స్ దగ్గరే ఆగిపోతుంది. తత్వశాస్త్రం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే "అది చదివి ఏం చేస్తావు?" అంటారు. నూరేళ్ల కిందట మన తిరుత్తణి కుర్రవాడొకడు మద్రాసులో ఆ శాస్త్రమే చదివాడు. ఆయన పుట్టినరోజున మనం ఉపాధ్యాయ దినోత్సవం చేసుకుంటాం గాని, ఆయన ఏం చదివారో, ఆ చదువు ఆయనకు ఏం నేర్పిందో అంతగా చెప్పుకోం.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తెలుగు కుటుంబంలో పుట్టారు. (తిరుత్తణి తాలూకా కొన్నాళ్లు చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. కాబట్టి ఆయన మావాడంటే మావాడని రెండు వైపులవాళ్లూ అనుకోవచ్చు.) తండ్రి వీరాస్వామి గారిది జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగం. స్కాలర్‌షిప్పుల మీదే చదువు సాగింది. తిరుపతి, వేలూరు దాటి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వచ్చారు. అక్కడ తత్వశాస్త్రం తీసుకోవడం పెద్ద ఆలోచనతో జరిగింది కాదు. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చేశాడు. అవి తత్వశాస్త్రం పుస్తకాలు. అంతే!

అసలు సంగతి క్లాసులో మొదలైంది. అక్కడి అధ్యాపకులు క్రైస్తవ మిషనరీలు. లోకమంతా మాయ అనే వేదాంతంలో మంచి చెడులకు చోటెక్కడ అన్నది ఆ రోజుల్లో గట్టిగా వినిపించిన విమర్శ. ఇంట్లో పూజలు చూస్తూ పెరిగిన పిల్లవాడికి అది గుచ్చుకోకుండా ఉంటుందా? ఆయన కోపగించి క్లాసు మానలేదు, ఆ మాట నిజమేనని తలూపనూ లేదు. మన గ్రంథాలు తీసి చదవడం మొదలుపెట్టారు. ఎం.ఎ. కోసం వేదాంతంలోని నీతి మీదే వ్యాసం రాశారు. అది 1908లో పుస్తకంగా అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

ఆయన గురువు ఎ.జి. హాగ్ కూడా మిషనరీయే. శిష్యుడి అభిప్రాయం తనది కాకపోయినా వ్యాసాన్ని మెచ్చుకున్నారు. ఆ హాగ్ గారే 1909లో కర్మ సిద్ధాంతాన్ని, క్రైస్తవుల విమోచన భావాన్ని పక్కపక్కన పెట్టి ఒక పుస్తకం తెచ్చారు. అంటే గురువు శిష్యుడి మతాన్ని చదివాడు, శిష్యుడు గురువు విమర్శను చదివాడు. మన శాస్త్రాల్లో దీనికి పాత పద్ధతే ఉంది. ముందు ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా సరిగ్గా చెప్పాలి, ఆ తర్వాతే మన సిద్ధాంతం చెప్పాలి. మన వక్తృత్వ పోటీల్లో మాత్రం ఎదుటివాడు నోరు తెరవకముందే జవాబు చెప్పేస్తున్నాం!

ఇక కూటి సంగతి. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. 1918లో మైసూరు, 1921లో కలకత్తా. మైసూరు నుంచి వెళ్లేటప్పుడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే స్టేషను దాకా లాగారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్, మాస్కోలో రాయబారి పదవి, 1962లో రాష్ట్రపతి పదవి అందరికీ తెలిసినవే. తత్వశాస్త్రం చదివితే ఇవన్నీ వస్తాయని నేను అనను, అలా అంటే అబద్ధమవుతుంది. కానీ ఎక్కడికి వెళ్లినా ఆయన చేసిన పని ఒకటే. మనవాళ్ల ఆలోచన బయటివాళ్లకు, వాళ్లది మనకు అర్థమయ్యేలా చెప్పడం. ఆ పని కాలేజీ రోజుల్లోనే అలవాటైంది.

1948లో ఆయన అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. డిగ్రీ మొదటి ఏడు మత గురువుల జీవితాలు, రెండో ఏడు వివిధ మత గ్రంథాల భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రంలోని ముఖ్య సమస్యలు చెప్పాలని ఆ కమిషన్ సూచించింది. ఒక్క మతం గురించే చెప్పమనలేదన్నది గమనించాలి.

క్రిస్టియన్ కాలేజీ 1937లో తాంబరానికి మారింది. తత్వశాస్త్రం అక్కడ ఇప్పటికీ చెబుతున్నారు. తెలుసుకోవాలనుకునే అక్కలూ అన్నలూ లోకల్ రైలెక్కి వెళ్లి అడగవచ్చు.