మోటుపల్లి రేవు – గుంటూరు సర్కారు: యుద్ధకాలంలో తటస్థ భూభాగపు విలువ (1768–1788)

ఉపోద్ఘాతం

యుద్ధంలో ఏ పక్షమూ వహించని పాలకుని రేవుకు అతని సైన్యాన్ని మించిన విలువ ఉండవచ్చు. 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో గుంటూరు సర్కారు చరిత్ర ఇందుకు నిదర్శనం. ఆ రేవును శత్రువుకు దక్కకుండా చేయడం ఒకటి, దానిని తానే ఆక్రమించడం మరొకటి. ఈ భేదాన్ని మద్రాసు ప్రభుత్వం గుర్తించకపోవడం వల్ల కలిగిన ఫలితాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

భౌగోళిక స్థితి

1766 సంధి ద్వారా నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. బెజవాడకు ఎదుట, కృష్ణకు దక్షిణాన గుండ్లకమ్మ వరకు వ్యాపించిన గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడైన బసాలత్ జంగ్ అధీనంలో నిలిచింది. అతని అనంతరం అది కంపెనీకి చెందాలని, అతడు కంపెనీ శత్రువులకు ఆశ్రయమివ్వరాదని 1768 సంధి నిర్దేశించింది. మచిలీపట్నం నుండి మద్రాసుకు పోయే భూమార్గం ఈ సర్కారు గుండానే సాగేది. కాకతి గణపతిదేవుని అభయశాసనంతో ప్రసిద్ధమైన మోటుపల్లి రేవు కూడా ఇందులోనిదే.

రేవు – ఫ్రెంచి దళం

ఆదోనిలో ఉన్న బసాలత్ జంగ్ తన కొలువులో ఒక ఫ్రెంచి దళాన్ని పోషించాడు. దానికి కావలసిన మనుషులు, ఆయుధాలు మోటుపల్లిలో దిగుతున్నాయన్నది మద్రాసు ప్రభుత్వపు ఆందోళన. 1778లో ఇంగ్లాండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలవడంతో ఈ ఆందోళన తీవ్రమయింది. అయితే అదే సంవత్సరం అక్టోబరులో పుదుచ్చేరి పతనమయింది. ఆ దెబ్బతో ఈ తీరంలో ఫ్రెంచివారి ప్రధాన స్థావరం పోయింది.

ఆక్రమణ – పర్యవసానం

అయినప్పటికీ 1779లో గవర్నరు థామస్ రంబోల్డు నిజాంను సంప్రదించకుండా బసాలత్ జంగ్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. గుంటూరును కౌలుకు తీసుకొని, దానిని ఆర్కాటు నవాబుకు తిరిగి కౌలుకిచ్చాడు. బసాలత్ జంగ్ రక్షణకై ఆదోనికి పంపిన హార్పర్ దళం కడప ప్రాంతంలో హైదరలీ ప్రతిఘటన వల్ల ముందుకు సాగలేకపోయింది. బసాలత్ జంగ్ వదులుకున్న ఫ్రెంచి దళాన్ని నిజాం తన కొలువులో చేర్చుకున్నాడు. అంటే మద్రాసు తొలగించదలచిన ప్రమాదం తొలగలేదు. మరింత బలవంతుడైన ప్రభువు చేతిలోకి మారింది.

ఇదే కాలంలో, హైదరలీ తన రక్షణలో ఉన్నదని భావించిన మాహే రేవును కూడా కంపెనీ పట్టుకుంది. ఈ రెండు చర్యలు నిజాం, హైదరలీలను కంపెనీ వ్యతిరేక కూటమి వైపు నెట్టిన కారణాలలో చేరాయి. 1780లో హైదరలీ కర్ణాటక ప్రాంతంపై దండెత్తాడు. గుంటూరును తిరిగి ఇవ్వాలని వారన్ హేస్టింగ్స్ ఆదేశించాడు. దానిని అమలుపరచని తాత్కాలిక గవర్నరు వైట్‌హిల్ పదవి నుండి తొలగింపబడ్డాడు.

ముగింపు

1782లో బసాలత్ జంగ్ మరణించినా నిజాం గుంటూరును వెంటనే అప్పగించలేదు. కారన్‌వాలిస్ పంపిన కెన్నవే రాయబారం ద్వారా 1788లో అది కంపెనీకి దక్కింది. సంధి అప్పటికే వాగ్దానం చేసిన భూభాగం కోసం తొందరపడి, కంపెనీ ఇద్దరు పొరుగు ప్రభువుల విశ్వాసాన్ని పోగొట్టుకుంది. తటస్థుని రేవు విలువను అక్కడ దిగే సరుకును బట్టి మాత్రమే అంచనా వేయరాదు; దానిని ఆక్రమిస్తే ఎవరెవరు శత్రువులవుతారన్నది కూడా ఆ లెక్కలో చేరవలసి ఉంటుంది.