అరవై ఒకటో పేరు

జూన్ నెల. బడులు తెరిచి రెండు రోజులైంది. మేళ్లచెరువులో పొద్దున ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. శంభులింగేశ్వరస్వామి గుడి దాటి రండి. సున్నపురాయి నేల ఇది. సిమెంటు లారీ పోయిన ప్రతిసారీ వేపాకు మీద ఇంకో పొర దుమ్ము. పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట బ్యానరు వెనక మీరూ నడవండి. ఒక సారు, ఒక మేడం, నలుగురు పిల్లలు. మేడం చంకలో పొడుగాటి రిజిస్టరు.

మొదటి ఇంటి ముందు అప్పుడే ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు ఆగింది. మేడం చెబుతూనే ఉంది: పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్నం భోజనం, వారానికి మూడు గుడ్లు, 2022 నుంచి ఇంగ్లీషు మీడియం.

"అన్నీ ఉన్నయ్ గానీ మేడం, ఐదు తరగతులకు మీరిద్దరేనాయె."

దానికి జవాబు లేదు. విద్యాహక్కు చట్టం లెక్కన ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. మూడో మనిషి రావాలంటే 61 కావాలి. మూడో మనిషి లేడని తల్లులు పంపరు, పిల్లలు రాలేదని మూడో మనిషి రాడు. రిజిస్టరు ఆ అరవై దగ్గరే ఊగుతోంది.

పక్క సందులో స్వీటు పెట్టారు. "మా పాపకు గురుకులంలో సీటొచ్చింది సారూ, మీ చలవే." సారు ముఖం వెలిగింది. నాలుగో తరగతి దాకా ఆయన దిద్దించిన అక్షరాలే మరి. అటు తిరిగి మేడం ఒక పేరు కొట్టేసింది.

1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా మొదటి గురుకులం పెట్టింది ఈ ఉమ్మడి నల్గొండలోనే, సర్వేల్‌లో. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అని సొసైటీలు వేరు, ఖజానా మాత్రం ఒకటే. అమెరికాలో 1991లో మిన్నెసోటా చట్టంతో మొదలైన చార్టర్ బడులకీ సర్కారు సొమ్మే, పెత్తనం వేరు. సీట్లు చాలకపోతే అక్కడ చీటీ తీస్తారు. మన ఎస్సీ, ఎస్టీ, బీసీ గురుకులాల్లో ఐదో తరగతికి పరీక్ష. చీటీకి చురుకైనవాళ్లెవరో తెలియదు. పరీక్ష వాళ్లనే ఏరుకుపోతుంది. అయినా ఆ పాపను ఆగమనే నోరు ఎవరికుంది? నాకైతే లేదు.

ఊరి చివర రేకుల గదులు. పనికోసం వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబాలు. ఇటు ఏ బస్సూ రాదు. ఏడేళ్ల పిల్లాడు, టీసీ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు.

"కాగితం లేకున్నా చేర్చుకుంటం. రేపే పంపు," అంటాడు సారు, సగం హిందీలో.

తల్లి తలూపింది. మేడం పేరు రాసుకుని, కలం మూత పెట్టకుండానే అడిగింది: "దసరా దాకా ఉంటరా ఇక్కడ?"

"పని ఉంటే ఉంటాం."