కార్ మ్యూజిక్ టిప్స్: మెమరీ కార్డ్‌లో పాటలున్నా ప్లేలిస్ట్ ప్లే కావట్లేదా? అసలు చిక్కు ఇక్కడే!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తున్న కారు. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి అడుగుపెట్టగానే ఫోన్‌లో సిగ్నల్ కట్. అప్పటిదాకా యాప్‌లో మోగుతున్న పాట ఆగిపోయింది. ఫర్వాలేదు, మెమరీ కార్డ్ ఉందిగా అనుకుని స్టీరియోకి పెడితే.. రాత్రి కూర్చుని వరుసగా పేర్చుకున్న ప్లేలిస్ట్ అసలు కనిపించదు. కనిపించినా నొక్కితే ఫైల్ లేదంటుంది. లేదంటే భక్తి పాట తర్వాత మాస్ బీట్, ఆ తర్వాత ఎప్పటిదో రింగ్‌టోన్!

డ్రైవర్ చూపు రోడ్డు మీద నుంచి స్క్రీన్ మీదకు మళ్లేది సరిగ్గా ఇలాంటప్పుడే. మలుపుల దారిలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మరి కార్డ్‌లో పాటలన్నీ ఉన్నా ప్లేలిస్ట్ ఎందుకు పనిచేయదు? ఇంటి దగ్గరే సరిచేసుకోవడం ఎలా? పూర్తి వివరాలు చూద్దాం.

ప్లేలిస్ట్ అంటే పాటలు కాదు.. అడ్రస్‌లు!

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ప్లేలిస్ట్ ఫైల్‌లో ఒక్క పాట కూడా ఉండదు. ఏ పాట ఎక్కడుందో చెప్పే అడ్రస్‌లు మాత్రమే వరుసగా ఉంటాయి. ఎక్కువగా వాడే ప్లేలిస్ట్ రకం ఎం3యూ. ఇది మామూలు టెక్స్ట్ ఫైల్. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేస్తే లైన్‌కో పాట అడ్రస్ కనిపిస్తుంది. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైన్లు ఉంటే అవి పాట పేరు, నిడివి లాంటి అదనపు సమాచారం.

కంప్యూటర్‌లో ప్లేలిస్ట్ చేసినప్పుడు అందులో చాలాసార్లు ఇలాంటి అడ్రస్ పడుతుంది:

సి:\మ్యూజిక్\ఘంటసాల\01 పాట.ఎంపీ3

అంటే 'సి డ్రైవ్‌లో, మ్యూజిక్ ఫోల్డర్‌లో వెతుకు' అని అర్థం. ఈ ఫైల్‌ని కార్డ్‌లోకి కాపీ చేసి కారులో పెడితే స్టీరియో కూడా సి డ్రైవ్ కోసమే వెతుకుతుంది. కారులో సి డ్రైవ్ ఎక్కడుంటుంది? ఉండదు. అందుకే పక్కనే పాట ఉన్నా దొరకలేదంటుంది. ఇల్లు మారాక కూడా పాత అడ్రస్‌కే ఉత్తరాలు వెళ్లినట్టు అన్నమాట.

పరిష్కారం సింపుల్. అడ్రస్‌లో డ్రైవ్, ఫోల్డర్ పేర్లు తీసేసి పాట ఫైల్ పేరు ఒక్కటే ఉంచాలి:

01 పాట.ఎంపీ3

ప్లేలిస్ట్ ఫైల్‌ని ఆ పాటలున్న ఫోల్డర్‌లోనే పెట్టాలి. అప్పుడు స్టీరియో తన పక్కనే వెతుక్కుంటుంది. కార్డ్ ఏ కారులో పెట్టినా అడ్రస్ మారదు.

మొదట కార్ మాన్యువల్ చూడాలి

అన్ని స్టీరియోలూ ప్లేలిస్ట్ ఫైల్స్‌ని చదవవు. కొన్ని ఎం3యూ చదువుతాయి. కొన్ని ఫోల్డర్లు మాత్రమే చూపిస్తాయి. కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఆడియో లేదా యూఎస్‌బీ చాప్టర్ తీస్తే ఏ ఫార్మాట్లు చదువుతుందో, ఎంత సైజు కార్డ్ వరకు పనిచేస్తుందో, ఒక్కో ఫోల్డర్‌లో ఎన్ని పాటలు చూపిస్తుందో రాసి ఉంటుంది. పాత మోడళ్లలో ఫోల్డర్‌కి 255 పాటలు లాంటి లిమిట్లు కనిపిస్తాయి. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడొచ్చే చాలా కార్లలో కార్డ్ స్లాట్ ఉండదు, యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. ఇబ్బందేం లేదు. చిన్న కార్డ్ రీడర్‌లో మెమరీ కార్డ్ పెట్టి యూఎస్‌బీకి గుచ్చితే స్టీరియో దాన్ని పెన్‌డ్రైవ్‌లాగే చూస్తుంది. అయితే కొన్ని పోర్టులు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి. వాటిలో పెడితే ఏమీ కనిపించదు. రెండు మూడు పోర్టులున్న కారులో ఏది మ్యూజిక్‌కో ముందే చూసుకోవాలి.

మ్యాప్ కార్డ్ జోలికి వెళ్లొద్దు!

ఇది చాలా ముఖ్యం. నావిగేషన్ ఉన్న కొన్ని కార్లలో మ్యాప్‌లు ఎస్‌డీ కార్డ్‌లోనే ఉంటాయి. ఖాళీ ఉంది కదా అని దాన్ని తీసి ఫార్మాట్ చేస్తే మ్యాప్‌లు మొత్తం పోతాయి. స్లాట్‌లో ముందే కార్డ్ ఉంటే అదేంటో తెలిసేదాకా ముట్టుకోవద్దు. పాటలకి వేరే కార్డ్ వాడాలి.

32 జీబీ కార్డ్ ఎందుకు బెటర్?

కార్డ్ సైజుని బట్టి దాని ఫార్మాట్ మారుతుంది. 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32 ఫార్మాట్‌లో వస్తాయి. 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. చాలా కార్ స్టీరియోలు ఫ్యాట్32ని చదువుతాయి కానీ, పాత వాటిలో చాలా వాటికి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు. 128 జీబీ కార్డ్ కొని పెడితే 'రీడ్ ఎర్రర్' రావడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కార్డ్ పాడైందని పారేయక్కర్లేదు.

ఇంతకీ 32 జీబీ సరిపోతుందా? లెక్క చూద్దాం. 128 కేబీపీఎస్ క్వాలిటీతో 5 నిమిషాల ఎంపీ3 పాట దాదాపు 5 ఎంబీ ఉంటుంది. అంటే 32 జీబీలో సుమారు 6 వేల పాటలు పడతాయి. 320 కేబీపీఎస్ అయితే అదే పాట 12 ఎంబీ అవుతుంది. అప్పుడు కూడా 2,500 పాటల దాకా పట్టేస్తాయి. విజయవాడ వెళ్లి రావడానికే కాదు, కాశీ వెళ్లి రావడానికీ ఎక్కువే!

ఫోన్ నుంచి తీసిన కార్డ్ అయితే..

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కార్డ్ పెట్టినప్పుడు కొన్ని మోడళ్లు 'పోర్టబుల్ స్టోరేజ్' కావాలా, 'ఇంటర్నల్ స్టోరేజ్' కావాలా అని అడుగుతాయి. ఇంటర్నల్ ఎంచుకుంటే కార్డ్ మొత్తం ఆ ఫోన్‌కి మాత్రమే అర్థమయ్యేలా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. అలాంటి కార్డ్‌ని కారులో పెట్టినా, కంప్యూటర్‌లో పెట్టినా చదవడం కుదరదు.

మరో సంగతి. స్ట్రీమింగ్ యాప్‌లలో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఆ యాప్‌లోనే ప్లే అవుతాయి. స్పాటిఫైలో డౌన్‌లోడ్ చేసిన పాటను కార్డ్‌లోకి కాపీ చేసి కారులో వినడం సాధ్యం కాదు. సొంతంగా కొన్న పాటలు, ఇంట్లో ఉన్న సీడీల నుంచి ఎక్కించుకున్న ఎంపీ3లు అయితేనే కార్డ్ మీద పనిచేస్తాయి.

ప్లేలిస్ట్ తయారీ.. స్టెప్ బై స్టెప్

1. కార్డ్‌లో ఇప్పటికే ఉన్నవన్నీ ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. తాతయ్య క్యాసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు, ఇంట్లో పెద్దవాళ్లు పాడగా రికార్డు చేసిన పాటలు లాంటివి మళ్లీ ఎక్కడా దొరకవు.

2. కాపీ అయ్యాక, అవి కంప్యూటర్‌లో ప్లే అవుతున్నాయని చూసుకున్నాక, కార్డ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి.

3. కార్డ్‌లో ఒక ఫోల్డర్ చేసి పాటలు అందులో వేయాలి. ఫైల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నవిగా ఉంటే మంచిది. చాలా స్టీరియోల్లో తెలుగు ఫాంట్ ఉండదు. పేర్లు డబ్బాలుగానో, ప్రశ్నార్థకాలుగానో కనిపిస్తాయి. ప్లేలిస్ట్ లోపల తెలుగు పేర్లుంటే కొన్ని స్టీరియోలు వాటిని తప్పుగా చదివి పాటను వదిలేస్తాయి కూడా.

4. వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో, కార్డ్‌లో ఉన్న పాటలనే కావాల్సిన వరుసలో పెట్టి ప్లేలిస్ట్‌ని ఎం3యూగా, అదే ఫోల్డర్‌లో సేవ్ చేయాలి.

5. ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేయాలి. లైన్ల మొదట్లో డ్రైవ్, ఫోల్డర్ పేర్లు కనిపిస్తే 'రీప్లేస్' ఆప్షన్‌తో ఒకేసారి తీసేయాలి. పాట ఫైల్ పేరు ఒక్కటే మిగలాలి. అక్షరం తేడా కూడా ఉండకూడదు.

6. సేవ్ చేశాక ఫైల్ పేరు చివర్లో ఎం3యూ అనే ఉందో లేదో చూడాలి. కొత్త ఫైల్‌గా సేవ్ చేస్తే నోట్‌ప్యాడ్ ఒక్కోసారి చివర్లో టీఎక్స్‌టీ అని తగిలిస్తుంది. అలా ఉంటే స్టీరియో దాన్ని ప్లేలిస్ట్‌గా గుర్తించదు.

7. కార్డ్‌ని లాగేయకుండా 'ఎజెక్ట్' కొట్టి తీయాలి. కాపీ పూర్తి కాకముందే లాగితే ఫైల్స్ దెబ్బతింటాయి.

స్టీరియో ఎం3యూ చదవకపోతే?

కంగారు పడక్కర్లేదు. ఫోల్డర్‌నే ప్లేలిస్ట్‌గా వాడుకోవచ్చు. 'ఉదయం భక్తి', 'ఇళయరాజా', 'పిల్లలకి' ఇలా ఒక్కో లిస్ట్‌కి ఒక్కో ఫోల్డర్. కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో కార్డ్ రీడర్ తగిలించి, ఫైల్స్ యాప్‌లోనే ఈ పని చేసుకోవచ్చు.

వరుస కోసం పాట పేరు ముందు నంబర్ వేయాలి. 1, 2, 3 అని కాకుండా 01, 02, 03 అని వేయాలి. లేకపోతే కొన్ని స్టీరియోలు 1 తర్వాత 10, 11 ప్లే చేసి అప్పుడు 2కి వస్తాయి. పాటలు 100 దాటితే 001 నుంచి మొదలుపెట్టాలి.

నంబర్లు వేసినా వరుస తప్పుతోందా? కొన్ని స్టీరియోలు పేరు చూడవు. కార్డ్‌లోకి ఏ పాట ముందు ఎక్కితే దాన్నే ముందు ప్లే చేస్తాయి. అలాంటప్పుడు ఫోల్డర్ ఖాళీ చేసి, పాటల్ని నంబర్ ప్రకారం ఒక్కొక్కటిగా మళ్లీ కాపీ చేయాలి. ఇంకొన్ని పాట లోపల దాగి ఉండే ట్యాగ్‌ని, అంటే ఆల్బమ్ పేరు, ట్రాక్ నంబర్ లాంటి సమాచారాన్ని చూసి పేరుస్తాయి. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ట్రాక్ నంబర్లు మార్చుకోవచ్చు.

ఒకే పాట రెండు లిస్టుల్లో కావాలంటే రెండు ఫోల్డర్లలోనూ కాపీ చేయాల్సిందే. పోయేది 5 ఎంబీ అంతే.

ఒక్క చూపులో: సమస్య.. కారణం

- కార్డ్ అసలు కనిపించట్లేదు: ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్, ఛార్జింగ్ పోర్ట్, లేదా ఫోన్ ఎన్‌క్రిప్ట్ చేసిన కార్డ్.
- ప్లేలిస్ట్ కనిపిస్తోంది, పాట రావట్లేదు: లోపల కంప్యూటర్ అడ్రస్ ఉంది.
- ప్లేలిస్ట్ కనిపించట్లేదు: స్టీరియో ఎం3యూ చదవదు, లేదా ఫైల్ చివర్లో టీఎక్స్‌టీ ఉంది.
- వరుస తప్పుతోంది: నంబర్ ముందు సున్నా లేదు, లేదా కాపీ చేసిన వరుస తేడా.
- పేర్ల బదులు డబ్బాలు: స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదు.
- కొన్ని పాటలే రావట్లేదు: ఆ ఫార్మాట్ స్టీరియో చదవదు, లేదా ఫోల్డర్ లిమిట్ దాటింది.

3 సెకన్లు.. 66 మీటర్లు

ఇదంతా ఇంటి దగ్గరే ఎందుకు చేసుకోవాలి? గంటకు 80 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తున్న కారు సెకనుకు 22 మీటర్లు దూసుకెళ్తుంది. పాట వెతకడానికి 3 సెకన్లు స్క్రీన్ వైపు చూస్తే, దాదాపు 66 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. అంత దూరంలో ఒక గేదె అడ్డు రావచ్చు, ముందు లారీ సడన్ బ్రేక్ వేయొచ్చు.

పాట మార్చడానికి ఫోన్ చేతిలోకి తీసుకోవడం ఇంకా ప్రమాదం. 2019లో సవరించిన మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 184 కింద డ్రైవింగ్‌లో చేతిలో ఫోన్ వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందకే వస్తుంది. మొదటిసారికే రూ.1,000 నుంచి రూ.5,000 వరకు ఫైన్ పడొచ్చు. జైలు శిక్షకూ వీలుంది.

అందుకే కార్డ్ రెడీ అయ్యాక ప్రయాణానికి ముందు రోజే ఇంటి ముందు ఆపిన కారులో పెట్టి చూసుకోవాలి. ప్రతి లిస్ట్‌లో మొదటి పాట, చివరి పాట ప్లే చేసి చూస్తే చాలు. బయల్దేరే రోజు ఫస్ట్ గేర్ వేయకముందే లిస్ట్ మొదలుపెట్టాలి. దారిలో మార్చాలనిపిస్తే ఆ పని పక్క సీట్లో ఉన్నవాళ్లకి అప్పగించాలి. ఒంటరిగా వెళ్తుంటే స్టీరింగ్ మీద ఉన్న బటన్ చాలు. లిస్ట్ మొత్తం మార్చాలంటే మాత్రం టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు చూసుకోవచ్చు.