హైదరాబాదు క్లోరోఫారం సంఘములు

క్లోరోఫారంతో మత్తు కలిగించు రోజులలో కొందరు రోగులు శస్త్రచికిత్స బల్లమీదనే హఠాత్తుగా మరణించుచుండిరి. ముందు ఆగునది శ్వాసమా, గుండెయా? దీనిని తేల్చుటకు హైదరాబాదు వైద్య పాఠశాలాధిపతి ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక సంఘమును ఏర్పరచెను. శ్వాసమేనని అది చెప్పగా, లండను పత్రిక ‘లాన్సెట్’ సందేహించెను. అంతట ఆరవ నిజాము వెయ్యి పౌనులిచ్చి ఆ పత్రిక ప్రతినిధినే రప్పించెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, వందలాది జంతువులపై ప్రయోగములు జరిపి, ఆ మాటనే బలపరచెను. ఊపిరిని కనిపెట్టుడు, నాడితో పనిలేదు అని లారీ బోధించెను.

ప్రయోగములకేమి కొదువ! కాని శ్వాస ఆడుచుండగనే నాడి ఆగి మరణించిన రోగుల వృత్తాంతములు వైద్యపత్రికలలో అప్పటికే ఉన్నవి. అవి ఈ లెక్కలోనికి రాలేదు. మత్తు పలుచగా నున్నపుడే గుండె అదరి ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులలో చూపెను.

నేడు క్రమబద్ధ సమీక్ష తలపెట్టువారు, ఏ రోగులు, ఏ చికిత్స, దేనితో పోలిక, ఏ ఫలితము అని ముందే వ్రాసికొందురు. ఏ అధ్యయనములను చేర్చుకొందురో కూడ వెదకుటకు ముందే నిర్ణయింతురు. తమకు ఎదురు చెప్పునవియు అందులో చేరవలసినదే. అంకెలను కలిపి లెక్కించుట ఆ తరువాతి పని. దానికి ‘మెటా అనాలిసిస్’ అను పేరును 1976లో జీన్ గ్లాస్ పెట్టెను.