టోనీ హాక్, బర్డ్‌హౌస్: ఆటగాడు యజమాని అయిన క్రమం

స్కేట్‌బోర్డ్ అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, సముద్రపు అలలపై పలకతో జారే సర్ఫింగ్ క్రీడాకారుల మధ్య 1950వ దశకంలో రూపుదిద్దుకొన్నది. లోహంతోనో మట్టితోనో చేసిన చక్రాలున్న తొలి బోర్డులు చిన్న రాయి తగిలినా ఆగిపోయి పైనున్నవారిని పడదోసేవి. 1970ల ఆరంభంలో ఫ్రాంక్ నాస్వర్తీ నేలను పట్టుకొని సాఫీగా దొర్లే యూరిథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలను అమ్మకానికి తెచ్చిన తరువాతనే, ఖాళీ ఈతకొలనుల వంపు గోడల మీద, ఆపైన కాంక్రీటు పార్కులలో, ఈ ఆట కొత్త శక్తిని సంతరించుకొన్నది. అయితే గాయాలకు పరిహారం కోరుతూ దావాలు పడతాయన్న భయంతో బీమా ఖర్చులు పెరిగి, 1980 నాటికి ఆ పార్కులు వరుసగా మూతపడసాగాయి.

1968 మే 12న శాన్ డియేగోలో జన్మించిన టోనీ హాక్ ఈ క్షీణదశలోనే ఎదిగాడు. అన్న స్టీవ్ ఇచ్చిన పాత బోర్డుతో సాధన మొదలుపెట్టిన ఆయన 1982లో, పద్నాలుగేళ్ల వయసులో, వృత్తి క్రీడాకారుడయ్యాడు. అప్పటికి ఆయన పావెల్ పెరాల్టా సంస్థ పోషించే 'బోన్స్ బ్రిగేడ్' జట్టు సభ్యుడు. జార్జ్ పావెల్‌తో కలిసి 1978లో ఆ సంస్థను నెలకొల్పిన స్టేసీ పెరాల్టా స్వయంగా పేరుమోసిన ఆటగాడు కావడం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం. ఆటగాడి పేరు, చిత్రం ముద్రించి అమ్మే బోర్డును 'ప్రో మోడల్' అంటారు. అమ్ముడైన ప్రతి బోర్డుకూ ఆ ఆటగాడికి ముట్టే వాటాయే రాయల్టీ. పోటీలలో వచ్చే బహుమతి సొమ్ము కంటే ఈ వాటాయే నాటి ఆటగాళ్లకు ప్రధాన జీవనాధారంగా ఉండేది.

హాక్ ఆటశైలి ఆయన శరీర పరిమితిలోంచే పుట్టింది. దాదాపు నిట్టనిలువుగా లేచే గోడల మధ్య ఆడే పద్ధతిని 'వెర్ట్' అంటారు. అందులో పెద్దవాళ్లు గోడ అంచు దాటకముందే బోర్డును చేత్తో పట్టుకొని, దేహపు బరువుతో గాలిలోకి లేచేవారు. బక్కపలుచని హాక్‌కు ఆ ఊపు చాలేది కాదు కనుక, ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్ఫాండ్ 1970ల చివర కనిపెట్టిన 'ఆలీ' విన్యాసాన్ని, అంటే చేయి తగలకుండా బోర్డును పాదాలతోనే గాలిలోకి లేపే కిటుకును ఆశ్రయించి, పైకి లేచిన తరువాత మాత్రమే బోర్డును అందుకొనేవాడు. మొదట కొందరు సర్కస్ వేషమని ఈసడించిన ఈ పద్ధతే క్రమంగా వెర్ట్ ఆటకు ప్రమాణమైంది. గాలిలో రెండు పూర్తి చుట్లు తిరిగే '720'ను ఆయన 1985లో సాధించాడు. ఆయన తండ్రి ఫ్రాంక్ హాక్ 1983లో నేషనల్ స్కేట్‌బోర్డ్ అసోసియేషన్‌ను స్థాపించి, పార్కులు లేని కాలంలో పోటీలను నిలబెట్టాడు. ఆ దశకమంతా వాటిలో కుమారుడిదే పైచేయి.

1990ల ఆరంభంలో ఈ స్థితి తలకిందులైంది. ఆర్థిక మాంద్యం ఒకవైపు, మెట్లు, పిట్టగోడలు, ఇనుప కమ్మీల మీద ఆడే 'స్ట్రీట్' పద్ధతికి పెరిగిన ఆదరణ మరొకవైపు వెర్ట్ ఆటగాళ్ల రాబడిని దెబ్బతీశాయి. మాజీ ఆటగాడు స్టీవ్ రోకో 1987లో ఆరంభించిన వరల్డ్ ఇండస్ట్రీస్ వంటి చిన్న సంస్థలు పెద్ద తయారీదారుల పట్టును సడలించాయి. సరిగ్గా ఈ గడ్డుకాలంలో, 1992లో, పావెల్ పెరాల్టాలో తన సహచరుడైన స్వీడన్ ఆటగాడు పెర్ వెలిండర్‌తో కలిసి, ఇంటిపై అప్పు తెచ్చి మరీ హాక్ బర్డ్‌హౌస్ సంస్థను స్థాపించాడు. ఆయన కీర్తికి అంగడిలో విలువ పడిపోయిన సమయమది. కాబట్టి బర్డ్‌హౌస్‌ను విజేత పేరును సొమ్ము చేసుకొన్న వ్యాపారంగా వర్ణించడం చారిత్రకంగా పొరపాటు.

ఆయన తీసుకొన్న నిర్ణయాలన్నిటిలో మెచ్చదగినది జట్టు ఎంపిక. తాను వెర్ట్ దిగ్గజమై ఉండి కూడా జెరెమీ క్లైన్, విల్లీ శాంటోస్ వంటి స్ట్రీట్ ఆటగాళ్లను చేర్చుకొని, వారితో కలిసి ఊరూరా ప్రదర్శనలిస్తూ, తన ఆటకు పోటీగా వచ్చిన పద్ధతికే తన సంస్థలో చోటిచ్చాడు. సంస్థ 1998లో విడుదల చేసిన 'ది ఎండ్' చిత్రం స్కేట్‌బోర్డ్ చిత్రాలలో నేటికీ ప్రముఖంగా పేర్కొనదగినది.

అదే ఏడాది ఆరంభం నుంచి కాలిఫోర్నియాలో అమలైన చట్టం స్కేట్‌బోర్డింగ్‌ను ప్రమాదకర వినోదంగా గుర్తించి, గాయాల విషయంలో పురపాలక సంస్థల బాధ్యతను పరిమితం చేయడంతో, ప్రజాధనంతో పార్కులు కట్టడానికి దారి సుగమమైంది. 1999 జూన్ 27న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్ అనే సాహసక్రీడల పోటీలలో హాక్ పదేపదే పడి లేచి రెండున్నర చుట్ల '900'ను పూర్తిచేయడం, అదే ఏడాది ఆయన పేరుతో ఆక్టివిజన్ సంస్థ వీడియో గేమ్ వెలువడడం ఈ ఆటను ఇంటింటికీ చేర్చాయి. ఆ గేమ్ హక్కుకు ఏకమొత్తంగా చెల్లిస్తామన్న ప్రతిపాదనను కాదని అమ్మకాలలో వాటానే కోరుకొన్నట్లు ఆయనే వెల్లడించాడు. ప్రో మోడల్ రాయల్టీతో బతికి, ఆ రాబడి ఆవిరైపోవడాన్నీ చూసిన మనిషి అయివుండీ ఆ వాటానే నమ్ముకోవడం నిజంగా సాహసమే.

స్టేసీ పెరాల్టా జట్టులోంచి హాక్ బయటికి వచ్చినట్లే, బర్డ్‌హౌస్ జట్టులోని ఆండ్రూ రేనాల్డ్స్ 2000లో బయటికి వెళ్లి 'బేకర్' అనే సొంత సంస్థను నెలకొల్పాడు. ఆటగాళ్ల యాజమాన్యం ఒక తరం నుంచి మరో తరానికి సాగిన ఈ వరుసే, పతకాల కంటే, విన్యాసాల కంటే, హాక్ వృత్తిజీవితానికి అసలైన చారిత్రక ఫలితం. వెర్ట్ విజేత స్థాపించిన బర్డ్‌హౌస్ నేటికీ బోర్డులు తయారుచేస్తూనే ఉంది. దాని జట్టు సభ్యురాలు లిజ్జీ అర్మాంటో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఫిన్లాండ్ తరఫున పాల్గొన్నది.