మునగడమా, ముంచడమా?

ఆంగ్లంలో ‘గో అండర్’ అనే జంటపదం ఉంది. విడదీస్తే ‘కిందికి పోవు’ అని మాత్రమే అర్థం. ఓడ నీటి అడుగుకు చేరినా ఇదే మాట, వ్యాపారం దివాలా తీసినా ఇదే మాట. శస్త్రచికిత్సకు ముందు రోగి మత్తులోకి జారుకున్నా ఇదే. మూడింటిలోనూ మునిగేవారు కనబడతారు గాని ముంచేవారు కనబడరు.

మనకూ ఈ భావానికి మాటల కరవు లేదు. నదులు దాటించిన పుట్టి మనకు ‘పుట్టి మునిగింది’ అన్న నుడికారాన్నిచ్చింది. సర్వం పోగొట్టుకున్నవాడు ‘కొంప మునిగింది’ అంటాడు. అప్పులు తీర్చలేనని కోర్టులో ఇన్సాల్వెన్సీ పిటిషను వేసినవాణ్ణి ‘ఐపీ పెట్టాడు’ అంటాం. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ‘మునుగు’ పక్కనే నిలిచే ‘ముంచు’. క్రియారూపం కాస్త మారగానే, చేసినవాడు వాక్యంలోకి వచ్చి నిలబడక తప్పదు.

ఈ భేదం ఎంత బరువైనదో చెన్నపట్నం చరిత్ర చెబుతుంది. 1906 అక్టోబరు 22న అక్కడి ఆర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు నిలిపివేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక ఆ దెబ్బ మనకు పరాయిది కాదు. దొరల కంపెనీ అన్న నమ్మకంతో వేలమంది అందులో సొమ్ము దాచుకున్నారు. ఆ కంపెనీ ‘గో అండర్’ అయిందనడం అబద్ధం కాదు. కాని తుపానుకు ఓడ మునిగినట్టు అది మునగలేదు. విచారణ జరిగి, దాని అధిపతి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు మోసం చేసిన నేరానికి 18 నెలల కఠిన కారాగారశిక్ష పడింది. అంటే న్యాయస్థానం తేల్చినది మునగడం కాదు, ముంచడం.

ఆ పతనం చూశాక స్వదేశీయులకు తమదైన బ్యాంకు ఉండాలని పూనుకున్నవారిలో న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరు ముఖ్యులు. అలా పుట్టిన ఇండియన్ బ్యాంకు 1907 ఆగస్టు 15న పని మొదలుపెట్టింది.

‘ఫలానా సంస్థ మునిగింది’ అన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తుకొస్తుంది. ఆ వాక్యంలో సంస్థ పేరుంటుంది. కొంప మునిగిన డిపాజిటరు ఉండడు, ముంచినవాడూ ఉండడు. ‘గో అండర్’ను తెనిగించేటప్పుడు ఏ క్రియ వాడాలన్నది నిఘంటువు ఒక్కటే చెప్పగలిగే విషయం కాదని నాకు తోస్తుంది. ఆ సంస్థ లెక్కల పుస్తకాలు కూడా చూడాలి.